మాస్టారి పెన్సిలు, నా రబ్బరు

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఏదైనా ఉందేమోనన్న అనుమానం కూడా నాకు ఉండేది కాదు. ఇరవయ్యొకటో ఏట నాకు తెలిసిన సంగతుల్లో ఇప్పుడు సగం కూడా తెలియవంటే మీరు నమ్మరు. డిగ్రీలో ఒక పేపరు మిగిలిపోయింది (ఏ పేపరో అడక్కండి, తప్పు దిద్దినవాళ్లదని నేను ఇప్పటికీ అంటాను). సప్లిమెంటరీకి నాలుగు నెలల గడువుంది. ఊళ్లో ఖాళీగా కూర్చుని వలలు ఎలా అల్లాలో అల్లేవాళ్లకీ, చేపలు ఎలా అమ్మాలో అమ్మేవాళ్లకీ సలహాలు చెప్తున్నానని మా అమ్మ నన్ను రాజయ్యపేటలో ఆటో ఎక్కించి, అనకాపల్లిలో మా పెదనాన్న బైండింగు కొట్టుకి తోలేసింది. మా ఇంట్లో అందరిదీ సముద్రం మీద బతుకే. పెదనాన్నకి ఒక్కడికే పడవెక్కితే వాంతులు. అందుకని చిన్నప్పుడే ఒడ్డుకొచ్చేసి, ఆ ఒడ్డు కూడా వదిలేసి, సూదీ దారం పట్టుకుని పుస్తకాలు కుట్టుకుంటూ టౌన్లో స్థిరపడ్డాడు. వల అల్లిన చేతులకి పుస్తకం కుట్టడం ఒక పనా అనేవాడు.

ఆ కొట్లో నాకు రెండు వారాల్లో పనంతా వచ్చేసింది. వచ్చేసిందని నేనే ప్రకటించాను. చిరిగిన పుస్తకం విప్పడం, మైదా జిగురు కాయడం, అట్ట కొయ్యడం, రెక్సిను అంటించడం, అన్నీ. పెదనాన్నకి పనిలో ఒకే ఒక్క సూత్రం ఉండేది. "సెప్పిన పని సెయ్యి. సెప్పని పని సెయ్యకు." నాకు ఇది బొత్తిగా మనసు లేనివాళ్లు పెట్టుకునే సూత్రంలా కనిపించేది. మనిషన్నాక కాస్త అదనంగా చెయ్యొద్దూ? ఒక ఇంటరు కుర్రాడు జువాలజీ రికార్డు బైండింగుకి ఇస్తే, అందులో కప్ప గుండె బొమ్మకి రంగు వెయ్యలేదని కనిపెట్టి నేనే వేసిపెట్టాను. ఎర్ర రంగు అయిపోయింది కాబట్టి ఆకుపచ్చ వేశాను. ఆ కుర్రాడు లబోదిబోమంటూ వస్తే, "కప్ప పచ్చగానే ఉంటాది కదా" అని సర్దిచెప్పాను. పెదనాన్న ఆ వేళంతా నాతో మాట్లాడలేదు. సాయంత్రం మాత్రం "మేడమ్ గారూ, జిగురు కాయండి" అన్నాడు. అప్పట్నుంచి కొట్లో నా పేరు మేడమ్.

అంతలో పెదనాన్న కంట్లో పొర ముదిరింది. విశాఖపట్నంలో ఆపరేషను, ఆపైన పదిరోజులు అక్కడే కూతురింట్లో విశ్రాంతి. వెళ్తూ తాళంచెవి నా చేతిలో పెట్టాడు కానీ దాన్ని వెంటనే వదల్లేదు. "కాలేజీ రికార్డులు సెయ్యి. లైబ్రరీ పుస్తకాలు సెయ్యి. దేవుడి పుస్తకాలు వత్తే మాత్రం ముట్టుకోకు, నేనొచ్చేక సూత్తాను."

"అయ్యీ కాయితాలే కదా పెదనాన్నా."

"కాయితాలే. వాటి ఎనకాల మనుసులుంటారు," అని తాళంచెవి వదిలాడు.

మూడో రోజు పొద్దున్నే టైలర్ భాయ్ వచ్చాడు. ఆయన కొట్టు మాకు సరిగ్గా ఎదురుగా ఉండేది. ముప్పయ్యేళ్లుగా ఆ వీధిలో సగంమంది ప్యాంట్లు ఆయన కుట్టినవే, మిగతా సగం ఆయన బిగుతు చేసినవీ వదులు చేసినవీ. చేతిలో పచ్చగుడ్డలో చుట్టిన పుస్తకం ఉంది. పెదనాన్న లేడంటే వెనక్కి తిరిగాడు. నేనున్నాను కదా అని ఆపాను. కొంచెంసేపు నా మొహం చూసి, తర్వాత నా చేతులు చూసి, "కడుక్కురా అమ్మా" అన్నాడు. కడుక్కొచ్చాను. మోచేతులదాకా మళ్లీ కడుక్కురమ్మన్నాడు.

అది వాళ్లమ్మ చదువుకున్న ఖురాన్. మనవరాలు మొదటిసారి ఖురాన్ మొత్తం చదవడం పూర్తి చేస్తోందట. వచ్చే శుక్రవారం ఇంట్లో చిన్న వేడుక పెట్టుకున్నారు, ఆ పిల్ల చేతికి ముత్తవ్వ పుస్తకమే ఇవ్వాలి. కుట్లు తెగిపోయి పేజీలు ఊడుతున్నాయి. భాయ్ బల్ల మీద శుభ్రమైన గుడ్డ తనే పరిచి, దానిమీద పుస్తకం పెట్టి, జాగ్రత్తలు చెప్పాడు. నేలమీద పెట్టకూడదు. దాని మీద ఇంకేదీ పెట్టకూడదు. అట్టపెట్టి బిగించేటప్పుడు కాళ్ల సాయం పట్టకూడదు (మా పెదనాన్నది సగం పని కాళ్లతోనే నడిచేది). అంచులు కోస్తే రాలిన తునకలు ఊడ్చి పారెయ్యకుండా ఈ గుడ్డలో కట్టి ఇవ్వాలి. "ఇంకో సంగతమ్మా. ఇందులో గీత గియ్యకూడదు, మాట రాయకూడదు. పెన్సిలు మొన కూడా తగలకూడదు."

"ఎందుకు భాయ్?" అన్నాను. నాకు తెలియక కాదు, నాకు తెలిసిందీ ఆయన చెప్పేదీ ఒకటో కాదో చూద్దామని.

"ఇది ఎవరో రాసిన పుస్తకం కాదమ్మా మాకు. అల్లా మాట. జిబ్రీల్ దూత తెచ్చి మా ప్రవక్తకి వినిపించేడు," అని ఒక్క క్షణం ఆగి లోపల్లోపల ఏదో దీవెన చెప్పుకుని మళ్లీ అందుకున్నాడు. "ఆయన విన్నది విన్నట్టు సెప్పేరు. జనం కంఠతా పట్టేరు. ఆ రోజు నుంచి ఈ రోజుదాకా ఒక్క అక్షరం మారలేదని మా నమ్మకం. తెలుగులో కూడా దొరుకుతాది, అది అర్థం సెప్పేది. ఖురాన్ అంటే ఈ అరబీయే. దీనికి మనం కలపడానికేటుంది, తియ్యడానికేటుంది?"

ఆ మాట నాకు తెగ నచ్చింది. ఆ తర్వాత ఆయన ప్రవక్తల పేర్లు వేళ్లమీద లెక్కపెట్టాడు. ఆదం, నూహ్, ఇబ్రహీం, మూసా, దావూద్, ఈసా. ఈసా అంటే ఎవరంటే, మీరు ఏసు అంటారే ఆయనే అన్నాడు. ఆయన తల్లి మరియం పేరున వాళ్ల గ్రంథంలో ఒక అధ్యాయమే ఉందట. పెళ్లి కాకుండానే దేవుడి ఆజ్ఞతో కన్నదని వాళ్లూ నమ్ముతారట. మూసాకి తౌరాత్, దావూద్‌కి జబూర్, ఈసాకి ఇంజీల్ ఇచ్చింది అల్లాయే కానీ, మనుషుల చేతుల్లో పడి అవి మారిపోయాయనీ, అందుకే ఆఖరి ప్రవక్తతో ఈ ఆఖరి గ్రంథం పంపాడనీ వాళ్ల మాట. నేను అన్నీ శ్రద్ధగా విని మనసులో ఒక లెక్క తేల్చేశాను. రెండు మతాలవాళ్లవీ ఒకే మనుషులు, ఒకే కథలు. కుట్టు ఒకటే, అట్ట వేరు. ఈ చిన్న విషయం ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదేమిటా అని వాళ్లమీద జాలి కూడా పడ్డాను.

పుస్తకం మాత్రం చాలా బాగా కుట్టాను, అది చెప్పుకోవాలి. కుడివైపు నుంచి తెరుచుకునే పుస్తకమని మర్చిపోకుండా వీపు కుడిచేతివైపు వచ్చేలా ముందు అట్ట వేశాను. కాలు తగలనివ్వలేదు, నేల తగలనివ్వలేదు. తునకలు మూటగట్టి ఇచ్చాను. భాయ్ ఒక్కొక్క పేజీ తిప్పి చూసి, పుస్తకం కళ్లకద్దుకుని, "మీ పెదనాన్నలాగే కుట్టేవమ్మా" అన్నాడు. ఆ పొగడ్త విన్న మర్నాడు వచ్చింది సిస్టరమ్మ.

సిస్టరమ్మ అంటే మా వీధి చివర ఉండే రిటైరైన నర్సు. ఆ వీధిలో ఆవిడ చేతి ఇంజెక్షను పడని ఒళ్లు లేదు. భర్త తెలుగు మాస్టారుగా చేసి రెండేళ్ల కిందట పోయాడని తెలుసు కానీ, నేను ఆయన్ని చూడలేదు. ఆవిడ బైబిలు పట్టుకొచ్చింది. దానికి వీపు లేదు, ముందు అట్ట లేదు, రబ్బరు బ్యాండు వేసి ఉంది. రాంబిల్లిలో కూతురు దగ్గరికి వెళ్తున్నాననీ, నాలుగు రోజుల్లో వచ్చి తీసుకుంటాననీ అంది. పెదనాన్న మాట నాకు గుర్తు రాలేదని చెప్పను. గుర్తొచ్చింది. ఒక దేవుడి పుస్తకం కుట్టి చూపించిన మనిషికి ఆ షరతు వర్తించదని అనుకున్నాను.

పైగా నా సిద్ధాంతం వినడానికి సరైన మనిషి దొరికింది. "మీదీ భాయ్ వాళ్లదీ ఒకటే కదా సిస్టరమ్మా. నూహ్ అంటే నోవహు, ఇబ్రహీం అంటే అబ్రాహాము, మూసా అంటే మోషే. పేర్లే అటూ ఇటూ."

ఆవిడ నవ్వింది. "పేర్లు కలుస్తాయమ్మా. సంగతులన్నీ కలవవు. ఇన్నేళ్లు మా ఆయనా భాయీ టీకొట్టు దగ్గర ఇదే గొడవ. వాళ్లకి ప్రవక్త అంటే పెద్ద పాపాలు అంటనివాడు. మా బైబిల్లో నోవహు తాగి పడిపోయాడు, దావీదు పరాయివాడి భార్యని కోరుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు రాసేసేరు. అలాంటివాళ్లచేత కూడా దేవుడు పని చేయించుకున్నాడన్నదే మాకు ధైర్యం. యేసు మాకు ప్రవక్తల్లో ఒకడు కాదు, దేవుని కుమారుడు. పెద్ద తేడా అక్కడే. పుస్తకం కూడా అంతే. ఒక్కరికి వినిపించింది కాదు, దేవుని ఆత్మ నడిపిస్తుంటే ఎంతోమంది, ఎన్నో తరాలు రాసింది. గొర్రెలు కాసినవాడున్నాడు, చేపలు పట్టినవాడున్నాడు."

"చేపలు పట్టినవాడా?" అన్నాను. మిగతావన్నీ నా చెవిలోంచి జారిపోయాయి. మావాళ్లలో ఒకడు అంత పెద్ద పుస్తకంలో రాశాడన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఆ గొప్పలో నేను ఉండగానే ఆవిడ, "లోపలి పేజీలు జాగర్తమ్మా" అని చెప్పి బస్సుకి టైమవుతోందని వెళ్లిపోయింది.

రబ్బరు బ్యాండు తీసి పుస్తకం తెరిచాను. పేజీ పేజీకీ పెన్సిలు. అంచుల్లో, వరసల మధ్య, అధ్యాయం అయిపోయిన ఖాళీల్లో, చీమల బారుల్లా సన్నటి రాత. గీతలు, ప్రశ్నగుర్తులు, బాణాలు. భాయ్ మాటలు చెవిలో వినిపించాయి. పెన్సిలు మొన కూడా తగలకూడదు. పాపం సిస్టరమ్మ ఎంత సిగ్గుపడి ఉంటుందో, అందుకే "లోపలి పేజీలు జాగర్త" అని పొడిగా చెప్పి వెళ్లిపోయింది అనుకున్నాను. ఇంట్లో ఏ మనవడో పెన్సిలు దొరికిందని ఆడుకున్నాడని కూడా నేనే తేల్చాను (ఏ మనవడు అంచుల్లో అంత తెలుగు రాస్తాడో ఆలోచించలేదు). ఆ రాతలు ఎవరివని ఒక్క ఫోను చేసి అడిగి ఉంటే సరిపోయేది. ఆవిడ నంబరు రసీదు వెనకాలే ఉంది. కానీ తెలిసినవాళ్లు అడగరు కదా.

రెండు కొత్త రబ్బర్లు కొన్నాను. మూడు రోజులు రాత్రీ పగలూ తుడిచాను. బైబిలు కాగితం ఎంత పలచగా ఉంటుందో చూసినవాళ్లకి తెలుసు, గట్టిగా రుద్దితే చిరిగిపోతుంది, మెల్లగా రుద్దితే పోదు. ఒక పేజీ కింద ఎడమచేయి ఆనించి, ఒకే వైపుకి, ఊపిరి బిగపట్టి తుడిచాను. ఇతరుల పిచ్చిగీతలు చదవడం మర్యాద కాదని ఒక్క ముక్క కూడా చదవలేదు. నా జీవితంలో మర్యాద పాటించింది ఆ ఒక్కసారి, అదీ అప్పుడే. చివరి పేజీలో అడుగున ఒక రాత మహా మొండిగా ఉంది. దానితో ఒక అరగంట పోరాడి గెలిచాను. తర్వాత కొత్త కుట్టు, నల్ల రెక్సిను అట్ట, ఎర్ర రిబ్బను. కప్ప గుండె సంగతి ఈ పనితో కొట్టుకుపోతుందనుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం సిస్టరమ్మ వచ్చింది. అట్ట చూసి బాగుందంది. తెరిచింది. ఒక పేజీ తిప్పింది, ఇంకో పేజీ, మధ్యలో ఒకచోట, మళ్లీ వెనక్కి. కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకుంది.

"ఇందులో రాతలేవమ్మా?"

"తుడిచేసేను సిస్టరమ్మా. మూడ్రోజులు పట్టింది. దానికేం ఇవ్వక్కర్లేదు," అన్నాను. ఆ మాట అన్నప్పటి నా మొహం నాకు కనబడలేదు కానీ, ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు బాగా తెలుసు.

ఆవిడ స్టూలు వెతుక్కుని కూర్చుంది. కేకలెయ్యలేదు. వేసి ఉంటే బాగుండేది. "మా ఆయనవమ్మా అవి," అంది. "ముప్పయ్యేళ్లు రోజూ పొద్దున్న చదివి రాసుకున్నారు. ఫోటో ఉంది ఇంట్లో, కానీ ఫోటో మాట్లాడదు కదా. ఇందులో మాట్లాడేవారు. రోజుకొక పేజీ చదువుకుంటున్నాను." మళ్లీ పేజీలకేసి చూసి, "ఇంకా సగం కూడా అవలేదు," అంది.

ఏం చెప్పాలో తెలియని పరిస్థితి నా ఇరవయ్యొక్క ఏళ్లలో అదే మొదటిది. కొట్లోంచి దిగి, రోడ్డు దాటి, భాయ్ మిషను ముందు నిలబడి ఏడ్చేశాను. ఏడుపులోంచి సంగతి ఏరుకోడానికి ఆయనకి కొంతసేపు పట్టింది. తెలిశాక మిషను చక్రం చేత్తో ఆపేశాడు.

"తుడవమని ఎవరు సెప్పేరు నీకు?"

"మీరే సెప్పేరు. దేవుడి పుస్తకంలో పెన్సిలు మొన కూడా తగలకూడదన్నారు."

"నేను నా పుస్తకం గురించి సెప్పేనమ్మా," అన్నాడు భాయ్. "ఆళ్ల పుస్తకంలో రాసుకుంటారు. అది ఆళ్లకి తప్పు కాదు, అలవాటు. మాకు అంటకుండా దాచుకోడం మర్యాద. ఆళ్లకి అరిగిపోయేలాగ వాడుకోడం మర్యాద." టేపు మెడలోంచి తీసి పక్కన పెట్టి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, నాతో వచ్చాడు.

సిస్టరమ్మ అలాగే కూర్చుని ఉంది. భాయ్ ఆవిడ్ని ఏమీ అనలేదు. పుస్తకం అడిగి తీసుకుని, ఒక పేజీ వెలుతురుకి అడ్డంగా వంచి పట్టుకుని చూశాడు. తర్వాత కాగితం వెనకవైపు వేలు ఆనించి మెల్లగా జరిపాడు. ముప్పయ్యేళ్లు గుడ్డమీద సుద్దగీతలు వెతికిన వేలు అది. "సుద్ద దులిపేసినా గీత ఎక్కడుండేదో నాకు తెలుసు సిస్టరమ్మా. మాస్టారు నొక్కి రాసేవాడు. బోర్డు మీద ఆయన రాత్తే సుద్దముక్కలు ఇరిగిపోయేవి. ఈ పిల్ల పెన్సిలుని తుడిచింది, నొక్కుని తుడవలేకపోయింది." నావైపు తిరిగి, "షట్టరు సగం దించు. నీ ఫోన్లో లైటుందా?" అన్నాడు.

షట్టరు సగం దించి, ఫోను లైటు కాగితానికి పక్కనుంచి ఏటవాలుగా వేస్తే, తెల్లటి అంచుమీద అక్షరాల గుంతలు నీడలు పడి లేచాయి. సిస్టరమ్మ స్టూలు దగ్గరికి జరుపుకుంది. నేను పెన్సిలు చెక్కి భాయ్ చేతికి ఇచ్చాను. ఆయన తీసుకోలేదు. "నేను రాయనమ్మా. తౌరాతూ ఇంజీలూ కూడా మాకు అల్లా పంపినవే అని సెప్పేను కదా. ఇందులో అదెంత మిగిలిందో నాకు తెలీదు. తెలీనప్పుడు నేను పెన్సిలు పెట్టను. నేను సదువుతాను. సెరిపిందానివి, నువ్వు రాయి."

అలా మూడు మధ్యాహ్నాలు సాగింది, సిస్టరమ్మ ఏ పేజీ తెరిస్తే ఆ పేజీ. భాయ్ గుంతలు చూసి చదవడం, సిస్టరమ్మ అవునో కాదో చెప్పడం, నేను ఆ గుంతల్లోనే పెన్సిలు మొన నడిపించి మాస్టారి అక్షరాలు మళ్లీ తేవడం. మొదట వచ్చింది నోవహు పక్కన రాత. భాయ్ చదివాడు. "ఓడ కట్టినవాడే తాగి పడిపోయాడు. నాకూ ఆశ ఉంది."

చదివి పుస్తకం దించేశాడు. "మా నూహ్ నబీ తాగరు సిస్టరమ్మా. ప్రవక్తల గురించి అలాగ మేం అనుకోం. ఇది నేను ఒప్పుకోను."

"ఒప్పుకోవద్దు భాయ్. రాసింది అదేనా?"

"రాసింది అదే."

"అయితే రాయమ్మా," అంది సిస్టరమ్మ. నేను రాశాను. ఆవిడ, "రిటైరైన రోజు ఒక్కసారే తాగేరు, అదీ ఎవరో బలవంతం చేస్తే," అని ఎవరూ అడక్కుండానే వివరణ ఇచ్చింది.

దావీదు దగ్గర మళ్లీ ఇదే గొడవ. భాయ్ అభ్యంతరం చెప్పడం, చెప్పి చదవడం. ఒక్క అక్షరం అటూ ఇటూ చెయ్యకుండా తనకి నచ్చనిదంతా చదువుతుంటే నేను ఆయన మొహమే చూస్తూ గుంత తప్పి రెండుసార్లు తిట్లు తిన్నాను. యోనా ప్రవక్తని చేప మింగిన చోట మాస్టారు ఇలా రాసుకున్నాడు: "ఈ చేప భాయ్ వాళ్లకీ ఉంది. ఏ రకం చేపో ఆయనకీ తెలీదు." ఇక్కడ నాకు అధికారం వచ్చేసింది. ఇది మా శాఖ. వెంటనే రాజయ్యపేటలో మా నానమ్మకి ఫోను చేసి స్పీకరు పెట్టి అడిగాను, మనిషిని మింగి, నలక్కుండా ఉంచుకుని, మళ్లీ ఒడ్డున కక్కేసే చేప ఏదని. నానమ్మ నలభయ్యేళ్లు చేపలమ్మిన మనిషి. కాసేపు ఆలోచించింది. "ఆకలేసిన సేప అలాగ ఉంచదే. అది ఆకలికి మింగింది కాదు. మింగమని ఎవులో సెప్తే మింగింది," అంది. సిస్టరమ్మా భాయీ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని తలలూపారు. ఆ మూడు రోజుల్లో ఇద్దరూ మారుమాట లేకుండా ఒప్పుకున్న మొదటి వ్యాఖ్యానం మా నానమ్మది.

అబ్రాహాము కొడుకుని బలివ్వడానికి తీసుకెళ్లే పేజీ రెండో రోజు వచ్చింది. భాయ్ ముందే చెప్పాడు, "మీరు ఇస్సాకు అంటారు, మేం ఇస్మాయిల్ అంటాం, దీనిమీద మాస్టారూ నేనూ ఒక వర్షాకాలం అంతా వాదించుకున్నాం" అని. నవ్వుతూనే కాగితం వంచాడు. చదవడం మొదలుపెట్టి ఆగిపోయాడు. నేను లైటు సరిగ్గా పడలేదేమో అనుకుని ఫోను ఎత్తాను. పడింది, కనబడుతోంది. మళ్లీ మొదటినుంచి చదివాడు. "ఇస్సాకు అని మనం. ఇష్మాయేలు అని భాయ్. ఏ కొడుకైనా ఆ కొండెక్కిన తండ్రి కాళ్లు ఒకటే."

భాయ్ ఆ వరస మీద మళ్లీ వేలు జరిపాడు. తను ఒప్పుకోని పుస్తకం అంచులో తన పేరుంది. తను టీకొట్టు దగ్గర అని మర్చిపోయిన మాటలు ఉన్నాయి. ఆ తర్వాత చూస్తే చాలాచోట్ల ఉన్నాయి. భాయ్ అన్నాడు, భాయ్‌ని అడగాలి, భాయ్ దీనికి జవాబు చెప్పలేదు. "జవాబు సెప్పేను. ఆయనే ఇనలేదు," అన్నాడు భాయ్, భుజం మీది తుండుతో మొహం తుడుచుకుంటూ.

యేసుని సిలువ వేసిన పేజీలు మూడో రోజు వచ్చాయి. భాయ్ పుస్తకం బల్లమీద పెట్టాడు. "ఇది మేం నమ్మం సిస్టరమ్మా. ఈసా నబీని సంపలేకపోయేరు, అల్లా పైకి తీసుకున్నాడు అని మాకుంది. నోటితో సదవడానికి నాకు కష్టం."

"నాకు తెలుసు భాయ్. ఇది లేకపోతే మాకు ఇంకేదీ లేదు. మీకు ఇష్టం లేకపోతే వదిలేయండి, ఇంకెవరినైనా అడుగుతాను."

భాయ్ చేతులు తుండుకి తుడుచుకున్నాడు. తర్వాత తనే పుస్తకం వంచి పట్టుకున్నాడు. "పుస్తకం కాదు కదా నేను సదివేది. మాస్టార్ని," అని చదివాడు. "ఇక్కడ భాయ్ నేనూ విడిపోతాం. సాయంత్రం టీకి మళ్లీ కలుస్తాం."

సరిగ్గా ఆ సమయానికి సగం దించిన షట్టరు కింద నుంచి నల్లకళ్లద్దాలు పెట్టుకుని పెదనాన్న వంగి లోపలికి వచ్చాడు. టైలర్ భాయ్ చేతిలో బైబిలు, పక్కన సిస్టరమ్మ కళ్లు తుడుచుకుంటూ, నేను ఫోను లైటు పట్టుకుని పెన్సిలుతో. ఆపరేషను ఫెయిలయిందేమో అన్నట్టు అద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "నేనెళ్లింది పదిరోజులే కదే," అన్నాడు. భాయ్ సంగతంతా చెప్పాడు. పెదనాన్న నా ఎదుట కూర్చున్నాడు.

"సెప్పని పని సేసేవా?"

"సేసేను."

"ఇప్పుడేటి సేత్తన్నావు?"

"సెప్పిన పని."

"సెయ్యి," అని లేచి జిగురు కాయడానికి వెళ్లాడు. ఆ తర్వాత ఎప్పుడూ నన్ను మేడమ్ అనలేదు. అననందుకు చాలాకాలం బాధపడ్డాను.

మిగతా పేజీలకి ఇంకో రెండు నెలల మధ్యాహ్నాలు పట్టాయి. అన్ని రాతలూ వచ్చాయి, ఒక్కటి తప్ప. చివరి పేజీ అడుగున నేను అరగంట పోరాడి గెలిచానే, అది. అక్కడ కాగితం నూగు లేచిపోయింది, నొక్కు కూడా మిగల్లేదు. భాయ్ వేలు ఎన్నిసార్లు జరిపినా ఏమీ అందలేదు. "పోనీలెండి భాయ్. ఆయన కాసేపు మాట్లాడకుండా ఉండడం కూడా నాకు అలవాటే," అంది సిస్టరమ్మ. డబ్బులు ఇవ్వబోతే పెదనాన్న తీసుకోలేదు. రబ్బర్లు రెండూ డ్రాయర్లోంచి తీసి భాయ్‌కి ఇచ్చేశాడు. అవి మిషను కాళ్లకింద పెట్టుకోడానికి పనికొచ్చాయి.

ఇప్పుడు ఆ కొట్టు నాది. (మిగిలిన పేపరు తర్వాతి సారి పాసయ్యాను, దిద్దినవాళ్లు మారారు కాబట్టి.) సిస్టరమ్మ కిందటేడు పోయింది. మొన్న ఆవిడ కూతురు రాంబిల్లి నుంచి ఆ బైబిలు తీసుకొచ్చింది, నేను వేసిన అట్ట మళ్లీ ఊడింది. ఈసారి నేను మొట్టమొదట అడిగింది, "లోపల ఏం చెయ్యకూడదో చెప్పండి" అని. ఆవిడ వెళ్లాక చివరి పేజీ తెరిచాను. నా తప్పు ఎలా ఉందో చూసుకుందామనే తెరిచాను. నూగు లేచిన ఆ ఖాళీలో సిస్టరమ్మ రాత ఉంది. "ఇక్కడ ఏం రాశారో, వెళ్లేక ఆయన్నే అడుగుతాను."

భాయ్ ఇప్పుడు కుట్టడం లేదు. అల్లుడు కొట్టు చూసుకుంటాడు, ఆయన బయట కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. చేతులు కడుక్కుని, పుస్తకం శుభ్రమైన గుడ్డలో పెట్టుకుని, రోడ్డు దాటి తీసుకెళ్లి చూపించాను. ఆయనకి చూపు తగ్గింది. నన్ను చదవమన్నాడు, చదివాను. ఆయన కాగితం వెనకవైపు వేలు ఆనించి ఆ వరస పొడుగునా జరిపాడు. ఆ పుస్తకంలో ప్రతి పేజీకీ అడ్డుచెప్పిన మనిషి కదా, ఇప్పుడేమంటాడా అని చూశాను.

"దీనికి మాత్రం నాకు ఏ తేడా లేదమ్మా," అన్నాడు భాయ్. "నేనూ మాస్టార్ని ఒకటి రెండు అడగాలి."